బిగ్ టెన్ సీజన్ ఆగింది కరోనా వల్లా, ఎన్నికల వల్లా? 2020 నిర్ణయాన్ని విడదీసి చూస్తే

మీ ప్రశ్న ఇది: 2020 ఆగస్టులో అమెరికాలోని బిగ్ టెన్ కాన్ఫరెన్స్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను ఆపేయడం వెనుక రాజకీయం ఉందా? ఎన్నికల ఏడాదిలో ట్రంప్‌ను ఇరుకున పెట్టడానికే డెమోక్రాట్ గవర్నర్లున్న రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఆట ఆపాయన్నది అప్పట్లో బాగా తిరిగిన మాట. ఆ తర్వాత ట్రంప్ ఒత్తిడికి లొంగే మళ్లీ మొదలుపెట్టారన్నది దానికి ఎదురుమాట.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆట ఆపడంలో పార్టీ రాజకీయం పాత్ర చాలా తక్కువ. మళ్లీ మొదలుపెట్టడంలో అంతకంటే ఎక్కువే ఉంది, అయినా అసలు తలుపు తెరిచింది రోజువారీ యాంటిజెన్ పరీక్ష. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు, మధ్యలో 36 రోజుల తేడా ఉంది. రెండింటినీ ఒకే ముద్దగా కలిపి మాట్లాడతారు కాబట్టే ఈ వాదన ఏళ్లు గడిచినా తెగడం లేదు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఢీకొనే అమెరికన్ ఫుట్‌బాల్. కాన్ఫరెన్స్ అంటే ప్రధానంగా తమలో తాము ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమి. బిగ్ టెన్ పేరులో పది ఉన్నా 2020లో దాని సభ్యులు 14 విశ్వవిద్యాలయాలు, 11 రాష్ట్రాల్లో ఉన్నాయి. పాత సభ్యులకు కాన్ఫరెన్స్ నుంచి ఏడాదికి తలా 5 కోట్ల డాలర్లకు పైగా వాటా వచ్చేది. సీజన్ ఉండాలా వద్దా అన్నది కోచ్‌ల చేతిలో లేదు, కమిషనర్ కెవిన్ వారెన్ చేతిలోనూ లేదు. ఆ అధికారం విశ్వవిద్యాలయాల అధిపతులైన 14 మంది అధ్యక్షులు, చాన్సలర్లు ఉన్న మండలిది. కాన్ఫరెన్స్ నియమావళి ప్రకారం దానికి 60 శాతం ఓటు కావాలి, అంటే 14లో కనీసం 9. ఈ 9ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇంకో మాట. అందరూ 'రద్దు' అంటారు గానీ, ఆగస్టు 11 ప్రకటనలో ఉన్నది వాయిదా: శరదృతువు ఆటలు ఇప్పుడు ఉండవు, వసంతంలో ఆడించే వీలు చూస్తాం అని. ఇది మాటల గారడీ కాదు. వాయిదా కాబట్టే వైద్య బృందం పని ఆగలేదు, సెప్టెంబరులో తిరిగి ఓటు వేయడానికి దారి మిగిలింది.

ఇలాంటి ప్రశ్నలో మొదట చూడాల్సింది తేదీల వరస. ఫలితం తర్వాత వచ్చినది కారణం కాలేదు కదా. మార్చి 12న కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నీలు రద్దయ్యాయి. పురుషుల టోర్నీ 1939లో మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారి. దాంతో విశ్వవిద్యాలయాలకు పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు పడిపోయాయి. జులై 8న హార్వర్డ్, యేల్ వంటివి ఉన్న ఐవీ లీగ్ ఆగింది. జులై 9న బిగ్ టెన్ బయటి జట్లతో మ్యాచ్‌లు వదిలేసి, సొంత సభ్యుల మధ్యే ఆడతామంది. ఆగస్టు 5న కనెక్టికట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మానుకుంది. ఆగస్టు 8న మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్, అందరూ పిలిచే పేరుతో మ్యాక్, ఆగింది. 10న మౌంటెన్ వెస్ట్ ఆగింది. ఆటగాళ్ల కష్టం వృథా కాకూడదు, ఆడనివ్వాలి అని ట్రంప్ ట్వీట్ చేసింది కూడా ఆ 10వ తేదీనే. మర్నాడు బిగ్ టెన్, పసిఫిక్ తీరపు పాక్-12 ఒకే రోజు ఆగాయి. అంటే ట్రంప్ ప్రచారం రాజుకునేసరికే గొలుసులో చాలా లంకెలు తెగిపోయాయి.

మ్యాక్ సంగతి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే 'డెమోక్రాట్ రాష్ట్రాల పని' అన్న వాదన మొదట విరిగేది అక్కడే. మ్యాక్‌లోని 12 జట్లలో 6 ఒహాయోవి, అక్కడి గవర్నర్ మైక్ డివైన్ రిపబ్లికన్. మౌంటెన్ వెస్ట్‌లో వయోమింగ్, ఐడహో, యూటా రాష్ట్రాల జట్లున్నాయి, అవి మూడూ రిపబ్లికన్ కంచుకోటలే. మరి ఎందుకు ఆపారు? చిన్న జట్లకు పెద్ద ఆదాయం టీవీ నుంచి రాదు. పెద్ద జట్ల మైదానానికి వెళ్లి, ఓడిపోయి, చెక్కు తెచ్చుకునే మ్యాచ్‌ల నుంచి వస్తుంది. జులై 9న బిగ్ టెన్ బయటి మ్యాచ్‌లు వదిలేయగానే మ్యాక్ జట్లకు ఆ చెక్కులు పోయాయి. వంద మందికి పైగా ఉండే జట్టుకు వారం వారం పీసీఆర్ పరీక్షల ఖర్చు మాత్రం మిగిలింది. రాబడి లేదు, ఖర్చుంది. దీనికి ఏ పార్టీ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

ఇక బిగ్ టెన్ ఓటు. దీన్ని వాళ్లు మొదట దాచారు. వాయిదాకు మద్దతు భారీగా ఉందని, నిర్ణయాన్ని ఇక తిరగదోడబోమని ఆగస్టు 19న వారెన్ బహిరంగ లేఖ రాశారే తప్ప అంకె చెప్పలేదు. అంతకు రెండు రోజుల ముందే పెన్ స్టేట్ క్రీడల డైరెక్టర్ శాండీ బార్బర్, అసలు ఓటింగ్ జరిగిందో లేదో తనకు స్పష్టంగా తెలియదన్నారు. నెబ్రాస్కా ఆటగాళ్లు ఎనిమిది మంది ఆగస్టు 27న కోర్టుకెక్కాక గానీ లెక్క బయటపడలేదు: 11–3. వాయిదా వద్దన్న ముగ్గురు ఒహాయో స్టేట్, నెబ్రాస్కా, ఐయోవా. మూడూ రిపబ్లికన్ గవర్నర్ల రాష్ట్రాలే. 'చూశారా, మేం చెప్పలేదా' అన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయారు.

లెక్క పూర్తిగా వేయండి. డెమోక్రాట్ గవర్నర్లున్న ఆరు రాష్ట్రాల్లో (ఇల్లినాయ్, మిచిగాన్, మిన్నెసోటా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్) బిగ్ టెన్ విశ్వవిద్యాలయాలు 8. ఎనిమిదీ వాయిదాకే ఓటేశాయి. రిపబ్లికన్ గవర్నర్లున్న ఐదు రాష్ట్రాల్లో (ఒహాయో, నెబ్రాస్కా, ఐయోవా, ఇండియానా, మేరీలాండ్) 6. అందులో ముగ్గురు వద్దన్నారు, ముగ్గురు సరేనన్నారు. ఒక పక్క 8–0, ఇంకో పక్క 3–3. వాలు ఉంది, లేదనక్కర్లేదు. కానీ ఆ ఎనిమిది ఓట్లూ కలిపినా 57 శాతమే, కావాల్సిన 9కి ఒకటి తక్కువ. రిపబ్లికన్ గవర్నర్లున్న రాష్ట్రాల నుంచి కనీసం ఒక ఓటు లేనిదే వాయిదా నెగ్గేది కాదు. వచ్చినవి మూడు: ఇండియానా, పర్డ్యూ, మేరీలాండ్. పర్డ్యూ అధ్యక్షుడు అప్పుడు ఎవరో తెలుసా? మిచ్ డేనియల్స్. 2005 నుంచి 2013 దాకా ఇండియానాకు రిపబ్లికన్ గవర్నర్‌గా చేసిన మనిషి. ఆ శరదృతువులో విద్యార్థుల్ని క్యాంపస్‌కు రప్పించి తరగతులు నడపాలని అందరికంటే గట్టిగా వాదించినవారిలో ఆయనొకరు. అలాంటాయన విశ్వవిద్యాలయం కూడా వాయిదా వైపే నిలబడిందంటే, దాన్ని ట్రంప్‌పై కుట్ర అనడానికి చాలా తిప్పలు పడాలి.

పొరుగువాళ్లతో పోల్చితే విషయం ఇంకా తేటపడుతుంది. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ ఆగింది, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆడింది. రాష్ట్రం ఒకటే, గవర్నర్ టామ్ వుల్ఫ్ ఒకరే. ఇండియానాలో పర్డ్యూ, ఇండియానా ఆగాయి, నోటర్ డామ్ ఆడింది. ఐయోవా ఆగింది, ఐయోవా స్టేట్ ఆడింది. నార్త్ కరొలైనా, వర్జీనియా, కెంటకీ, లూసియానా, కాన్సస్‌లలో గవర్నర్లు డెమోక్రాట్లే, అక్కడి పెద్ద జట్లన్నీ సెప్టెంబరులోనే బరిలోకి దిగాయి. జట్టు ఆడుతుందా లేదా అన్నది ముందే చెప్పగలిగిన సమాచారం ఒకటే: అది ఏ కాన్ఫరెన్స్‌లో ఉంది. గవర్నర్ పార్టీని బట్టి చెప్పబోతే చాలాచోట్ల పప్పులో కాలేస్తారు.

అయితే ఆగస్టులో ఆ 11 మందినీ భయపెట్టిందేమిటి? మూడు విషయాలు, మొదటిదే పెద్దది.

గుండె కండరానికి వచ్చే వాపు, మయోకార్డైటిస్. క్రీడాకారులు ఆడుతూ ఆడుతూ కుప్పకూలి చనిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అందుకే కరోనాకు ముందు నుంచే వైద్య మార్గదర్శకాలు, ఈ జబ్బు తేలితే 3 నుంచి 6 నెలలు ఆట మానాలనేవి. జులై 27న జామా కార్డియాలజీ పత్రికలో ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధన వచ్చింది. కరోనా నుంచి కోలుకున్న 100 మందికి గుండె ఎంఆర్ఐ తీస్తే 78 మందిలో ఏదో ఒక తేడా కనిపించింది, 60 మందిలో వాపు ఇంకా కొనసాగుతోంది. ఆ వందమంది సగటు వయసు 49, వాళ్లు క్రీడాకారులు కాదు. ఆగస్టు చివర్లో ఆ పత్రంలో అంకెల సవరణలు కూడా వచ్చాయి, ప్రధాన నిర్ధారణ మాత్రం నిలిచింది. కానీ ఆగస్టు 11కి అధ్యక్షుల ముందున్నది సవరణకు ముందు పత్రం, పైగా తమ ఆటగాళ్లలోనే కొందరికి గుండెలో తేడాలు కనిపిస్తున్నాయన్న వైద్యుల కబురు. అవే అంకెలు చూసి, ఆట ఆపని మరో కాన్ఫరెన్స్ ఏసీసీ వైద్య సలహా బృందానికి నాయకత్వం వహించిన డ్యూక్ అంటువ్యాధుల నిపుణుడు కామెరాన్ వుల్ఫ్, జాగ్రత్తలతో ఆడించవచ్చన్నారు. అదే సాక్ష్యాన్ని రెండు వైద్య బృందాలు రెండు రకాలుగా చదివాయి. ఒకరికి తెలియనిది ప్రమాదం, ఇంకొకరికి తెలియనిది ఇంకా రుజువు కానిది.

రెండోది పరీక్షల జాప్యం. ఆ వేసవిలో ప్రయోగశాలల్లో పీసీఆర్ నమూనాలు పేరుకుపోయి ఫలితానికి రోజులకు రోజులు పట్టేది. బిగ్ టెన్ ఆగస్టు 5న ప్రకటించిన పద్ధతిలో ఫుట్‌బాల్‌కు వారానికి కనీసం రెండు పరీక్షలు. మంగళవారం తీసిన నమూనా ఫలితం శుక్రవారం వస్తే మధ్యలో మూడు సాధనలు అయిపోతాయి. ఒకరికి తేలితే ముఖాముఖి ఢీకొన్న ముందు వరస ఆటగాళ్లు (లైన్‌మెన్) అందరూ 14 రోజుల క్వారంటైన్‌కు వెళ్లాలి. ఒక్క కేసుతో ఒక విభాగమే ఖాళీ.

మూడోది న్యాయ బాధ్యత. 'నాకేమైనా అయితే విశ్వవిద్యాలయానిది బాధ్యత కాదు' అని ఆటగాళ్ల చేత సంతకం పెట్టించుకోకూడదని ఎన్‌సీఏఏ ఆగస్టు 5న తేల్చేసింది. తరగతులు ఆన్‌లైన్‌లో నడుపుతూ, జీతం లేని విద్యార్థుల్ని మైదానంలోకి పంపి, ఒకరికి గుండె ఆగితే కోర్టులో ఏం చెప్పాలి? ఆ ఆగస్టు 5కు మూడు రోజుల ముందే పాక్-12 ఆటగాళ్లు కూటమి కట్టి భద్రత, ఆదాయంలో వాటా అడిగారు. ఆటగాళ్లు ఉద్యోగులా విద్యార్థులా అన్న పాత గొడవ అధ్యక్షులకు నిద్ర పట్టనివ్వని విషయం. ఇది పార్టీ రాజకీయం కాదు, సంస్థ తన కుర్చీ కాపాడుకునే రాజకీయం. మీరు రాజకీయం అన్న మాటను ఇంత విశాలంగా తీసుకుంటే, ఉంది అనే చెప్పాలి.

డబ్బు కోసమే ఆపారన్న మాట మాత్రం అసలు నిలవదు. ఐయోవా తనకు 10 కోట్ల డాలర్ల రాబడి పోతుందని లెక్కగట్టి ఆగస్టు 21న పురుషుల జిమ్నాస్టిక్స్, టెన్నిస్, పురుషుల, మహిళల ఈతను మూసేస్తున్నట్టు ప్రకటించింది. కూర్చున్న కొమ్మను నరుక్కునే కుట్ర ఎవరూ చేయరు.

ఆగస్టులో రాజకీయం లేదనడం లేదు. అది ఎక్కడుందో చూసుకోవాలి. మన విద్యార్థుల కుటుంబాలకు బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటుంది: జులై 6న అమెరికా వలస విభాగం, పూర్తి ఆన్‌లైన్ తరగతులైతే ఎఫ్-1 వీసా విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాక 14న వెనక్కి తగ్గింది. క్యాంపస్‌లు తెరిపించాలన్న కేంద్రం ఒత్తిడి అంత నేరుగా ఉండేది. ఫుట్‌బాల్ ఆ పెద్ద తగాదాకు బొమ్మగా మారింది: స్టేడియం నిండితే దేశం మామూలైనట్టు, ఖాళీగా ఉంటే ప్రభుత్వం విఫలమైనట్టు. సెప్టెంబరు మొదట్లో బైడెన్ ప్రచార బృందం బిగ్ టెన్ రాష్ట్రాల ఖాళీ స్టేడియాల్ని చూపిస్తూ ప్రకటనలు వేసింది కూడా. రెండు వైపులా వాడుకున్నారు. 2016లో ట్రంప్ మిచిగాన్‌ను 10,704 ఓట్లతో, విస్కాన్సిన్‌ను 22,748 ఓట్లతో గెలిచారు. ఆ రెండు రాష్ట్రాల్లో శనివారం ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఈ ఆత్రం ఆశ్చర్యం కలిగించదు.

ఒకవైపే చూసి ఇంకోవైపు వదిలేస్తారు, అదీ అడగాలి: దక్షిణాది కాన్ఫరెన్స్ ఎస్ఈసీ ఎందుకు ఆపలేదు? అలబామాలోనో మిసిసిపీలోనో అధ్యక్షుడు సీజన్ ఆపి ఉంటే పాలకమండలి, శాసనసభ, దాతలు కలిసి ఊరుకునేవారా? ఆడటమే సహజం, ఆపితేనే రాజకీయం అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

ఇప్పుడు రెండో నిర్ణయం. ఆగస్టు 11కీ సెప్టెంబరు 16కీ మధ్య చాలా జరిగింది. ఒహాయో స్టేట్ జట్టు దాడిని నడిపే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) జస్టిన్ ఫీల్డ్స్ పెట్టిన పిటిషన్‌పై 3 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. తల్లిదండ్రులు రోజ్‌మాంట్‌లోని బిగ్ టెన్ ఆఫీసు ముందు నిలబడ్డారు. సెప్టెంబరు 1న ట్రంప్ వారెన్‌తో ఫోన్‌లో మాట్లాడి, గోల్ గీతకు ఒక్క గజం దూరంలో ఉన్నామన్నారు, అంటే పని దాదాపు అయిపోయిందని. మరో కొద్ది రోజులకు మిచిగాన్, ఇల్లినాయ్, మేరీలాండ్ గవర్నర్ల వల్లే ఆగిపోతోందని ట్వీట్ చేశారు. (మేరీలాండ్ గవర్నర్ లారీ హోగన్ ఆయన సొంత పార్టీవారే!) సెప్టెంబరు 8న ఆరు రాష్ట్రాల రిపబ్లికన్ శాసనసభ్యులు లేఖ రాశారు. సీజన్ ఆపని ఏసీసీ, బిగ్ 12 కాన్ఫరెన్స్‌ల జట్లు ఆట మొదలుపెట్టేశాయి. చివరికి 14 మందీ ఏకగ్రీవంగా ఓటేశారు. మండలి అధ్యక్షుడు, నార్త్‌వెస్టర్న్‌కు చెందిన మోర్టన్ షాపిరో, రాజకీయ ఒత్తిడి కాదు, డబ్బు కాదు, వైద్యుల మాటే తన మనసు మార్చిందన్నారు. ఘనత తనదేనని ట్రంప్ ట్వీట్ చేశారు. ఇద్దరి మాటనూ ముఖవిలువకు తీసుకోనక్కర్లేదు.

నిజంగా మారిందేమిటో చూడండి. పెన్ స్టేట్ బార్బర్, ఒహాయో స్టేట్ జట్టు వైద్యుడు జిమ్ బోర్చర్స్ నడిపిన వైద్య ఉపసంఘం 15 నిమిషాల్లో ఫలితం వచ్చే యాంటిజెన్ పరీక్షను రోజూ, సాధనకు ముందే చేయాలన్న పథకం తెచ్చింది. రోగం ఉన్నవాణ్ని మైదానంలో అడుగుపెట్టకుండానే ఆపగలిగితే, 14 రోజుల క్వారంటైన్ గొలుసు చాలావరకు పోతుంది. న్యాయవాదుల భయం కూడా తగ్గుతుంది. శ్వేతసౌధం పరీక్షలు ఇస్తామంది గానీ, కాన్ఫరెన్స్ ప్రైవేటు కంపెనీలతోనే ఒప్పందం చేసుకుంది.

ఒప్పుకున్న నియమాలివి: సెప్టెంబరు 30 నాటికి రోజువారీ పరీక్షలు మొదలవాలి. పాజిటివ్ వస్తే పీసీఆర్‌తో నిర్ధారించాలి. తేలిన ఆటగాడికి రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో, గుండె ఎంఆర్ఐ, ఆపై గుండె వైద్యుడి అనుమతి ఉండాలి. మ్యాచ్‌కు తిరిగి రావడానికి కనీసం 21 రోజులు. జట్టు మొత్తానికి రెండు కొలతలు, ఏడు రోజుల సగటు మీద. చేసిన పరీక్షల్లో పాజిటివ్‌ల వాటాకు 5 శాతం, జట్టు వ్యక్తుల్లో సోకినవారి వాటాకు 7.5 శాతం ఎరుపు గీత, రెండూ దాటితే జట్టు ఆగాలి. ఆ రెండూ ఎందుకంటే, రోజూ పరీక్షలు చేస్తే హారం పెద్దదై మొదటి కొలత ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. 170 మంది బృందంలో వారానికి 13 మందికి సోకితే రెండో కొలత దాటుతుంది, కానీ అదే వారం 1,100 పైచిలుకు పరీక్షల్లో ఆ 13 ఒకటింబావు శాతం కూడా కాదు.

అక్టోబరు 23–24 వారాంతంలో మొదలవడం అంటే ఎన్నికలకు దాదాపు పది రోజుల ముందు, ఇది యాదృచ్ఛికమా అని అడుగుతారు. క్యాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టండి. జాతీయ ప్లేఆఫ్ జట్ల ఎంపిక డిసెంబరు 20న. అంటే కాన్ఫరెన్స్ ఫైనల్ 19న అవ్వాలి. దానికి ముందు 8 మ్యాచ్‌లకు 8 శనివారాలు: డిసెంబరు 12, 5, నవంబరు 28, 21, 14, 7, అక్టోబరు 31, 24. ఒక్క వారం కూడా ఖాళీ లేదు. అది ఆలస్యంగా మొదలుపెట్టగలిగిన చివరి తేదీ.

రాజకీయ ఒత్తిడి బరువెంతో తూచాలంటే పాక్-12తో పోల్చి చూడండి. కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్‌లపై ట్రంప్ ఎన్నికల ఆశలేవీ లేవు, ఆయన నోటి నుంచి ఆ కాన్ఫరెన్స్ పేరు బిగ్ టెన్ పేరంతగా రాలేదు. అయినా సెప్టెంబరు 3న పరీక్షల ఒప్పందం కుదిరింది, 24న వాళ్లూ నిర్ణయం మార్చుకుని నవంబరు మొదటి వారంలో దిగారు. మ్యాక్, మౌంటెన్ వెస్ట్ కూడా నిర్ణయం మార్చుకున్నాయి. వీళ్లంతా బిగ్ టెన్‌ను చూసి కదిలారు కాబట్టి ఈ పోలిక పూర్తిగా స్వచ్ఛమైనది కాదు. అయినా నా అంచనా: శ్వేతసౌధం జోక్యం తెచ్చిన తేడా మహా అయితే రెండు వారాలు. అసలు ఆట జరిగేదా లేదా అన్నదాన్ని అది తేల్చలేదు.

ఆగస్టు నిర్ణయానికి అసలు మూల్యం సీజన్‌లో తెలిసొచ్చింది. 21 రోజుల నియమం, ఖాళీ వారాలు లేని 8 వారాల షెడ్యూలు, ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఒకసారి సోకితే కనీసం మూడు మ్యాచ్‌లు పోతాయి, వాయిదా వేసిన మ్యాచ్‌కు చోటే లేదు. విస్కాన్సిన్ తొలి మ్యాచ్ ఆడగానే కేసులు పెరిగి, అక్టోబరు 31న నెబ్రాస్కాతో మ్యాచ్ పోయింది. నెబ్రాస్కా బయటి జట్టుతో ఆడతానంటే కాన్ఫరెన్స్ ఒప్పుకోలేదు. ఒహాయో స్టేట్‌కు మేరీలాండ్, ఇల్లినాయ్, మిచిగాన్ మ్యాచ్‌లు పోయి 5 మాత్రమే మిగిలాయి. 1918 నుంచి ఏటా జరిగిన మిచిగాన్ పోరు ఆ ఏడాది లేదు. ఫైనల్‌కు కనీసం 6 మ్యాచ్‌లు ఆడాలన్న నియమాన్ని డిసెంబరు 9న తీసేసి ఒహాయో స్టేట్‌ను పంపారు, ఇండియానా ఇంట్లో కూర్చుంది. తర్వాత 21 రోజుల్ని 17కు దించారు. 2020లో నిఖార్సైన రాజకీయం చూడాలంటే నేనైతే ఆ డిసెంబరు 9నే చూపిస్తాను: ప్లేఆఫ్‌కు వెళ్లగల ఏకైక జట్టు కోసం ఆట మధ్యలో గీత జరపడం. ఎస్ఈసీ సెప్టెంబరు 26నే మొదలుపెట్టి మధ్యలోనూ, డిసెంబరు 12నా ఖాళీ ఉంచుకుంది కాబట్టి పోయిన మ్యాచ్‌ల్ని సర్దుకోగలిగింది.

గుండె భయం నిజమేనా? 2021 మేలో బిగ్ టెన్ సొంత నమోదులు వెలువడ్డాయి: కరోనా సోకాక పరీక్షించిన 1,597 మందిలో 37 మందికి మయోకార్డైటిస్, అంటే 2.3 శాతం.  లక్షణాల్ని బట్టే ఎంఆర్ఐ తీసి ఉంటే 5 మందిని మాత్రమే పట్టుకునేవారు. ఫ్రాంక్‌ఫర్ట్ 78తో పోలిస్తే చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు. ఆగస్టులో భయపడ్డవాళ్లది వెర్రీ కాదు, ఆడించవచ్చన్నవాళ్లది మూర్ఖత్వమూ కాదు.

కుట్ర వాదనకు ప్రాణం పోసింది బిగ్ టెన్ గోప్యతే. ఆగస్టు 5న షెడ్యూలు ఇచ్చి 11న ఆపేశారు, ఓటు చెప్పలేదు, వైద్య పత్రాలు బయట పెట్టలేదు. పైగా ఈమెయిళ్లు బహిరంగ రికార్డు అవుతాయని కొందరు అధ్యక్షులు చర్చను కాన్ఫరెన్స్ ప్రైవేటు పోర్టల్‌లోకి మార్చుకుందామనుకున్న సంగతి తర్వాత ఈమెయిళ్లలోనే దొరికింది.

స్వయంగా తవ్వాలనుకుంటే దారి ఉంది. బిగ్ టెన్ ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థ, నార్త్‌వెస్టర్న్ ప్రైవేటు విశ్వవిద్యాలయం, పెన్ స్టేట్‌కు రాష్ట్ర చట్టంలో చాలావరకు మినహాయింపు ఉంది. వీటిని వదిలేయండి. 2020 నాటి సభ్యుల్లో మిగతావి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. మన సమాచార హక్కు చట్టంలో 30 రోజుల గడువున్నట్టే, మిచిగాన్‌లో 5 పనిదినాలు, కావాలంటే మరో 10. ఇల్లినాయ్‌లో 5, మరో 5. మిచిగాన్‌లో గవర్నర్ కార్యాలయానికే ఆ చట్టం వర్తించదు, కాబట్టి గవర్నర్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల్ని విశ్వవిద్యాలయం వైపు నుంచి అడగాలి. 'ఫుట్‌బాల్‌పై అన్ని ఈమెయిళ్లు' అని రాస్తే వేల డాలర్ల ఫీజు చెప్పి చేతులు దులుపుకుంటారు. తేదీలు (2020 ఆగస్టు 5–11), పేర్లు (అధ్యక్షుడు, ప్రధాన న్యాయవాది, జట్టు వైద్యుడు), పదాలు (వాయిదా, గుండె, గవర్నర్, బీమా) ఇరికించి అడగండి. న్యాయ సలహా పేరుతో కొన్ని నల్లగా చెరిపి ఇస్తారు, అయినా ఎవరు ఎవరికి ఏ రోజు రాశారో మిగులుతుంది. ఆ వారంలో గవర్నర్ కార్యాలయం నుంచి 'ఆపండి' అని వచ్చిన ఒక్క ఉత్తరం దొరికినా ఈ జవాబులో మొదటి సగాన్ని నేను తిరగరాయాల్సిందే.